కర్నల్ గారి పప్పు సీసాలు

ఎవరైనా పెద్దమనిషి తన పాత కాగితాలు, సామాన్లు మీ లైబ్రరీకి ఇస్తానంటే, సంబరపడే ముందు ఒకటి కనుక్కోండి: ఆయన ఇంట్లో ఎన్నికల్లో నిలబడాలన్న ఆశ ఎవరికుంది? లైబ్రరీ సైన్సు కోర్సులో ఈ పాఠం లేదు. పుస్తకానికి నంబరు ఎలా వేయాలో నేర్పారు గానీ, బతికున్న మనిషికి ఊరు వేసే నంబర్లను ఎలా చెరపాలో నేర్పలేదు.

బాన్సువాడలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగమంతా గడిచింది. రిటైర్మెంటు వయసు రాకముందే మానేశాను. నాకు వచ్చిన ప్రమోషన్లు చెప్పుకోదగినవి కావు, కాబట్టి చెప్పను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, పాత కలెక్షన్లు ఎలా చూసుకోవాలి?" అని అడుగుతుంటారు. చీడపురుగుల మందు గురించి చెబుతాననుకుంటారు. పురుగులతో నాకెప్పుడూ పేచీ రాలేదు. అవి నిజాయితీగా తింటాయి.

లామినేషన్

మా లైబ్రరీలో 'ప్రముఖుల గది' అనేదొకటి పుట్టింది. కాలేజీకి మార్కులు వేసే బృందం వస్తుందని తెలిసి, చూపించడానికి ఏమీ లేక, అప్పటి ప్రిన్సిపాల్ గారు ఒక స్టోర్ రూముకు సున్నం వేయించి ఆ పేరు పెట్టారు. గది సిద్ధం. ప్రముఖులను వెతికే పని నాది.

మొదట దొరికింది బిచ్కుంద వకీలు గారు. ఆయన పోయి అప్పటికి కొంతకాలమైంది. చుట్టుపక్కల భూమి తగాదాలన్నీ ఆయన చేతి మీదుగా నడిచాయి. ఆ కాగితాలు దొరికితే ఈ ప్రాంతం చరిత్ర సగం దొరికినట్టే అని నేను ఎగిరి గంతేశాను. ఆయన కోడలు ఆటోలో రెండు అట్టపెట్టెలు వేసుకొచ్చింది. తెరిస్తే కళ్ళు మిరుమిట్లు గొలిపేలా ఒకటే మెరుపు.

"అన్నీ లామినేషన్ చేయించినం మేడం. ఇగ వానల తడిసినా ఫికర్ లేదు" అంది గర్వంగా.

"మరి వెనకవైపు?"

"రెండు రెండు కాగితాలు ఈపుకు ఈపు అంటిచ్చినం. షీట్లు సగమే పట్టినయి."

"వెనక ఆయన రాసుకున్నవి ఏమైనా ఉన్నాయేమో చూశారా?"

"వెనక ఏముంటది మేడం, వెనకనే గదా!"

ఆ వకీలు గారు తన మనసులో మాట ఏ కాగితం ముందువైపూ రాయని మనిషి. కక్షిదారు చెప్పింది ముందు, తాను నమ్మింది వెనక. ఇప్పుడు ఆయన నమ్మినవన్నీ ప్లాస్టిక్ మధ్య ఒకదానికొకటి ముఖం దాచుకుని పడుకున్నాయి. అందుకే చెబుతున్నాను: ఇస్తామన్న మాట చెవిన పడ్డ రోజే బస్సెక్కండి. జిరాక్స్ సెంటరు వాడి కంటే ముందు చేరుకోండి. మిగతా జాగ్రత్తలన్నీ తర్వాత.

పెట్టెలతో పాటు వచ్చిన మనిషి

తర్వాతి ప్రిన్సిపాల్ కెమిస్ట్రీ ఆయన. ఏ గదిలో అడుగుపెట్టినా అక్కడ ఏదో ఒకటి పొంగాలని కోరుకునే మనిషి. మళ్ళీ మార్కుల బృందం వస్తుందన్నారు. ఈసారి ఆయన కర్నల్ రంగారావు గారిని పట్టుకున్నారు.

రంగారావు గారిది బీర్కూర్ వైపు కాలువ కింద వరి పండించే కుటుంబం. తండ్రి కాలంలో కోస్తా వైపు సర్కారు జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఈయన మాత్రం సైన్యంలో చేరి, జీవితమంతా చలి కొండల్లో గడిపి, రిటైరై బీర్కూర్ ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఒక్కడే కొడుకు శ్రీధర్. బాన్సువాడలో ప్లాట్ల వ్యాపారం, మున్సిపల్ వార్డు టికెట్టు మీద కన్ను.

ఆగస్టు వచ్చిందంటే ఊళ్ళో ప్రతి జెండా దగ్గరికీ కర్నల్ గారిని పిలిచేవారు. "శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు" అని మైకులో చెప్పేవారు. ఆయన లేచి, "నేను రేషన్ సరఫరా విభాగంలో పనిచేశాను. యుద్ధంలో తుపాకీ పేల్చలేదు" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఎంత వినయం అని. ఏటా అదే మాట, అవే చప్పట్లు. మన ఊళ్ళలో ఒక మనిషిని గొప్పవాడని తీర్మానించాక ఆయన మాట ఎవరూ వినరు.

పెట్టెలు వచ్చిన రోజు కర్నల్ గారు కూడా వచ్చారు. మర్నాడూ వచ్చారు. ఆ తర్వాత రోజూ వచ్చారు. సామాను ఇచ్చిన మనిషి బతికుండి, ఓపిక కూడా ఉంటే, కేటలాగు చేసేవాళ్ళకు నరకం ఇక్కడే చూపిస్తాడు. నేను 'పప్పు సీసా' అని రాస్తే, "కందిపప్పు. గుండు కాదు, బద్ద. రాయమ్మా" అనేవారు. 'ఇనుప గొట్టం' అని రాస్తే దాన్ని నా చేతిలోంచి లాక్కుని, సంచిలో ఎలా గుచ్చి లోపలి గింజలు బయటికి లాగుతారో గాల్లో గుచ్చి చూపించేవారు. మా అటెండరు దూరం జరిగి కూర్చునేది.

ఆ పెట్టెల్లో పతకాలు ఉన్నాయి. ఒక గుడ్డ సంచిలో, అడుగున. "ఆ కాలంలో ఆ చోట ఎవరున్నా ఇచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను" అన్నారాయన. పైన, గడ్డి కూరి భద్రంగా పెట్టినవి మాత్రం గాజు సీసాలు. వాటిలో పప్పు, గోధుమపిండి, బియ్యం. మూతల మీద లక్క ముద్రలు. కంచర గాడిదల మెడ బిళ్ళలు కొన్ని. రొట్టె అచ్చు ఒకటి. 'తిరస్కరించబడింది' అని ఇంగ్లీషులో కొట్టే రబ్బరు స్టాంపు, అరిగిపోయి.

"ఇవన్నీ కాంట్రాక్టర్లు పంపితే నేను తిప్పి పంపించినవి" అన్నారు సీసాలు చూపించి. "ఒక్కటి తప్ప."

ఆ ఒక్కటీ చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పారు.

"ఇది నేను పాస్ చేసింది. చిన్న వయసు, కొత్త ఉద్యోగం. చూడ్డానికి బంగారంలా ఉంది పప్పు. పైకి పంపించాను. ఆ ఎత్తులో అది ఉడకలేదమ్మా. పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికీ గులకరాళ్ళే. మంచు కరిగించుకోడానికి దాచుకున్న కిరసనాయిలు దానికే తగలేశారు. చివరికి పలుకు పలుకుగానే తిన్నారు. కడుపులు పట్టేసి కుర్రాళ్ళు మెలికలు తిరిగారట. నాకు ఎవరూ శిక్ష వేయలేదు. కాగితాల మీద అది మంచి పప్పే."

"తర్వాత?"

"తర్వాత ఏ పప్పు వచ్చినా నేనే ఒక గిన్నెలో ఉడకబెట్టి చూడ్డం మొదలుపెట్టాను. మా పై అధికారి వచ్చి, 'కెప్టెన్, నీకు వంటవాడి కొలువు ఇప్పించమంటావా?' అన్నాడు. ఇప్పించండి సార్, జీతం తగ్గకపోతే చాలన్నాను."

ఆ జవాబు వల్ల ఆయన పైకి రావడం ఎన్నేళ్ళు ఆలస్యమైందో నేను అడగలేదు.

గోడ మీద ఒక వాక్యం

గదిలో పెట్టే ప్రతి సేకరణకూ గోడ మీద ఒక పలక ఉంటుంది. పేరు, ఊరు, ఆ మనిషి చేసిన పని. ఒక్క వాక్యం. కర్నల్ గారికి కావలసింది ఆ వాక్యం ఒక్కటే. "ఈయన సైనికుల తిండిని పరీక్షించాడు అని రాయమ్మా. నేను పోయాక ఎలాగూ ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. కళ్ళతో చూసుకునేటప్పుడైనా నిజం చూసుకుంటాను" అన్నారు.

ఇందులో కష్టం ఏముందని మీరనుకోవచ్చు. మీకింకా ప్రిన్సిపాళ్ళతో పరిచయం లేదన్నమాట.

"తిండి పరీక్షించిండు అని రాస్తే హాస్టల్ వార్డెన్ అనుకుంటరు మేడం" అన్నారు మా ప్రిన్సిపాల్. "గదిల అడుగుపెట్టంగనే రోమాలు నిక్కబొడవాలె. 'రణరంగ సింహం' అని రాయుండ్రి."

"రణరంగం చూడలేదని ఆయనే అంటున్నారు కదా సార్."

"పెద్దోళ్ళు గట్లనే అంటరు."

"పోనీ 'కెమిస్ట్రీలో నోబెల్ గ్రహీత' అని మీ తలుపు మీద రాయిస్తాను. మీరు కాదంటే పెద్దోళ్ళు గట్లనే అంటరని అనుకుంటాం."

ఆ రోజు నుంచి నాకు టీ రావడం ఆగిపోయింది.

శ్రీధర్ ఇంకో దారిలో వచ్చాడు. కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించి, "అక్కా, నీకు దండం పెడ్త. గా పప్పు సీసాలు లోపట పెట్టు. నాన్న మిలిటరీల పప్పులు, ఉప్పులు జోకిండని తెలిస్తే వార్డుల నా ఇజ్జత్ ఏంది? 'కిరాణం కర్నల్ కొడుకు' అంటరు" అన్నాడు.

"కిరాణం వాడు అప్పిస్తాడు తమ్ముడూ. నీ ప్లాట్ల కన్నా వార్డులో దానికే గౌరవం ఎక్కువ" అన్నాను.

ఈ సందర్భంలో నా అభిప్రాయం దాచుకోను. యుద్ధం చేసినవాణ్ణి గౌరవించడం ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. యుద్ధం చేసినట్టు కనిపించేవాడితో ఫోటో దిగడం వచ్చు. ఆకలితో ఉన్నవాడికి రాళ్ళు లేని పప్పు చేర్చడం పనే కాదని అనుకునేవాళ్ళంతా రోజుకు రెండుసార్లు కంచం ముందు కూర్చుంటారు. కూరలో ఉప్పు తగ్గితే లేచి వెళ్ళిపోతారు కూడా.

ఫ్లెక్సీ

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ లేచింది. గేటు కంటే ఎత్తు. దాని మీద కర్నల్ గారి ముఖం, కింద ఒక యువకుడి మొండెం. కండలు తిరిగిన చేతుల్లో పెద్ద తుపాకీ, వెనకాల మంటలు, మంటల పక్కన చిన్న గుండ్రంలో నమస్కారం పెడుతున్న శ్రీధర్.

కర్నల్ గారు కారు దిగి దాని ముందు నిలబడ్డారు. తల పైకెత్తి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఈ శరీరం ఎవరిది?"

ఫ్లెక్సీ కట్టిన అతను తాడు ముడివేస్తూనే, "నెట్‌ల దొరికింది సార్. మీ ఫోటోల కడుపు జర ముందుకుంది. గిదైతే మంచిగుందని పెట్టిన" అన్నాడు.

"మంచిగానే ఉంది. కానీ ఇది మన యూనిఫాం కాదు నాయనా. ఏ దేశానిది?"

తాడు ఆగింది. భుజం మీద జెండా ఏదైనా ఉందా అని పది తలలు ఒక్కసారిగా లేచాయి. ఏదో ఉంది. ఏ దేశానిదో చెప్పగలవాడు మా రాజనీతి శాస్త్రం లెక్చరర్. ఆయన ఆ రోజు సెలవు. చివరికి ఆ భుజం మీద బంతిపూల దండ ఒకటి వేలాడదీశారు. ముఖ్య అతిథి వచ్చి, ఆ దండ చూసి, "ఒక్క భుజానికే ఏసిండ్రేంది?" అని ఇంకో భుజానికీ వేయించాడు.

మధ్య సంచి

వేదిక మీద నలుగురు. ముఖ్య అతిథి, ప్రిన్సిపాల్, కర్నల్ గారు, ఒక రైస్ మిల్లు యజమాని. మిల్లు ఆయనకు లైబ్రరీతో ఏం సంబంధమని అడగకండి. శ్రీధర్ టికెట్టుతో సంబంధం ఉంది. కింద కుర్చీలు నింపడానికి విద్యార్థుల తల్లిదండ్రులను రమ్మన్నారు. కోతలు అయిపోయి వడ్లు అమ్ముకునే రోజులు. వచ్చినవాళ్ళు సగం మంది వడ్ల కుప్ప దగ్గర ఇంకొకరిని కాపలా పెట్టి వచ్చినవాళ్ళే.

ముఖ్య అతిథి సింహాన్నీ, పులినీ వాడేశాడు. తర్వాత కర్నల్ గారు లేచి ఎప్పటి మాటే అన్నారు. "నేను తుపాకీ పేల్చలేదు. బియ్యం, పప్పు, పిండి పరీక్షించాను." ప్రిన్సిపాల్ చప్పట్లు మొదలుపెట్టారు. ఎప్పటిలాగే అందరూ అందుకోబోయారు.

అప్పుడు మూడో వరుసలోంచి ఒక ఆవిడ లేచింది. సాయవ్వ. మా సెకండియర్ అమ్మాయి తల్లి.

"సారూ, బియ్యం ఎట్ల జూస్తరు? పైన జూస్తరా, లోపట జూస్తరా?"

చప్పట్లు ఆగిపోయాయి. కర్నల్ గారు మైకును కొంచెం దగ్గరికి లాక్కున్నారు. అన్నేళ్ళలో ఒక మనిషి ఆయన్ను ఆయన పని గురించి అడగడం అదే మొదటిసారని నాకు అనిపించింది.

"పైన చూడకూడదమ్మా. గొట్టం గుచ్చి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీయాలి. ముందు వరుస సంచులు కాదు, మధ్యలో ఇరుక్కున్న సంచి తీయాలి. అన్నీ కలిపి అప్పుడు చూడాలి."

"మరి మా కాడ పైనున్న పిడికెడు వడ్లు దీసి, తాలున్నది, తేమున్నది అని కుప్పంతటికి తరుగు కోస్తరు. మిల్లుకు పోయినంక మళ్ళ కోస్తరు. గది ఎట్ల?"

"పిడికెడు చూసి కుప్ప మొత్తానికి కోత వేస్తే అది పరీక్ష కాదమ్మా. ముందే అనుకున్న మాటకు సాక్ష్యం వెతుక్కోవడం. అలా చేసినవాణ్ణి నేను నా గోదాములో అడుగుపెట్టనిచ్చేవాణ్ణి కాదు."

ఆ తర్వాత సభ నా చేతుల్లో లేదు, ఎవరి చేతుల్లోనూ లేదు. నాలుగో వరుస లేచింది, ఐదో వరుస లేచింది. తేమ మిషన్ నిజం చెబుతుందా, పొద్దున చూడాలా మధ్యాహ్నం చూడాలా, తాలు ఎవరు తూర్పారబట్టాలి. కర్నల్ గారు ఒక్కొక్కరికీ జవాబు చెబుతున్నారు. మిల్లు యజమానికి ఫోన్ వచ్చింది. మోగని ఫోన్ చెవికి పెట్టుకుని వేదిక దిగాడు. ఆయన వెనకాలే శ్రీధర్, "అన్నా, అన్నా" అంటూ.

ఒక మనిషి జీవితంలో చేసిన పనిని ఊరు వినడం ఎలా ఉంటుందో నేను ఆ రోజు చూశాను. చప్పట్లు కొట్టలేదు ఎవరూ. పని ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టరు, ఇంకో ప్రశ్న అడుగుతారు.

తిరిగి ఇవ్వడం

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో తీర్మానం అయింది. సీసాలు, గొట్టం, స్టాంపు స్టోరులోకి. పతకాలు, కొత్త మొండెంతో కొత్త ఫోటో గోడ మీదికి. పలక మీద 'రణరంగ సింహం'. శ్రీధర్ ఒప్పుకున్నాడు. కర్నల్ గారిని అడగాలని ఎవరికీ తోచలేదు.

నేను ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. మధ్యాహ్నానికి వచ్చారు.

"ఇచ్చినవి తిరిగి తీసుకోవచ్చా అమ్మా?"

మా ఉద్యోగంలో ఇది బూతు మాటతో సమానం. ఒకసారి లోపలికి వచ్చింది బయటికి పోకూడదని నేర్పుతారు. కానీ ఎందుకు తీసుకున్నామన్నది కూడా ఆ నేర్పినవాళ్ళే చెప్పాలి. ఆ సేకరణను కాపాడతామని తీసుకున్నాం. గదిలో ఉంచితే పోయేది, ఇంటికి పంపితే మిగిలేది అయినప్పుడు, లైబ్రేరియన్ చేయవలసిన పని ఏది? ప్రిన్సిపాల్ గారు తీసుకున్నట్టు సంతకం కూడా చేయలేదు. రోమాలు నిక్కబొడుచుకునే పనిలో తీరిక దొరకలేదు.

"మీవి సార్. తీసుకుపోండి" అని తాళం తీశాను.

ఆయన పెట్టెలు సర్దుకున్నారు. సీసాల చుట్టూ మళ్ళీ గడ్డి కూరారు. పతకాల సంచి మాత్రం బల్ల మీద పెట్టారు.

"ఇవి మీ ప్రిన్సిపాల్‌కు ఉంచు. ఆయనకు అవసరం."

నాకు మెమో వచ్చింది. కాలేజీ ఆస్తిని అన్యాక్రాంతం చేశానట. జవాబు రాశాను. ఇంకో మెమో వచ్చింది. మూడోదానికి జవాబు బదులు స్వచ్ఛంద విరమణ కాగితం ఇచ్చాను. పశ్చాత్తాపం లేదు. మార్కుల బృందం వచ్చి ఆ గది చూసి, గాలి వెలుతురు బాగున్నాయని రాసి పోయిందని విన్నాను. శ్రీధర్‌కు టికెట్టు రాలేదు. దానికి కారణం తండ్రి అని అతనూ, అతనే అని మిగతావాళ్ళూ అనుకుంటున్నారు.

బీర్కూర్ రోడ్డు

సగంలో ఆగిన కేటలాగు నాకు పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది. అడిగేవాళ్ళు, జీతమిచ్చేవాళ్ళు లేకపోయినా పూర్తి చేద్దామని తర్వాతి కోతల కాలంలో బీర్కూర్ బస్సెక్కాను. ఆయన ఇంటికి అదే మొదటిసారి వెళ్ళడం. బస్సు దిగి నడుస్తుంటే రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఒక ఆడమనిషి కొంగు తలకు చుట్టుకుని, ఎండలో వడ్లను కాళ్ళతో తిరగేస్తోంది.

"అక్కా, కర్నల్ రంగారావు గారి ఇల్లెక్కడ?"

"ఎవలు? గసొంటోళ్ళు ఈడ ఎవలు లేరు."

"మిలిటరీలో చేసి వచ్చారు. పెద్దాయన."

"మిలిటరాయనా? ఏమో అవ్వ, నాకెరుక లేదు."

"కందిపప్పు గురించి అడిగితే వదలకుండా మాట్లాడతారు" అన్నాను, ఇంకేం చెప్పాలో తెలియక.

ఆమె కాళ్ళు ఆగాయి.

"ఓ, గా సంచులు గుచ్చే సారా! గట్ల జెప్పరాదు! వడ్లు కొనే సెంటర్ కాడ రోజు కుర్సేసుకొని కూసుంటడు. ఆయనుంటే కాంట కాడ ఒక్కడు గూడ ఉత్తగనే కోతలు పెట్టడు. మావోడే అనుకున్నం. మొన్న నా సంచుల గుచ్చి, నడుమ పచ్చిగున్నయని నావే ఎనుకకు పంపిండు, సచ్చినోడు! గందుకే గీ ఎండల సస్తున్న. గా నీలి గేటు జూడు, గదే."

నీలి గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను. కర్నల్ గారు వరండాలో సీసాలు తుడుస్తున్నారు. రోడ్డు మీద ఆవిడ తిట్టిన తిట్టు ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను.

ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు.

"మరి ఎండాయా?"

"ఏమిటి సార్?"

"ఆమె వడ్లు. చేత్తో పట్టి చూశావా?"

"నేనెందుకు చూస్తాను సార్, దారి అడగడానికి ఆగాను."

"అంత దూరం నడిచి వచ్చి, చూడకుండా వచ్చావా?" అని గుడ్డ నా ఒళ్ళో పడేసి, చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయారు.